అవ్వ ఇల్లు అవ్వదే

(అక్టోబరు 1న పెనుకొండలో జరిగిన చదువు కేంద్రాల సమావేశంలో ఒక వాలంటీరు టీచరు చెప్పిన మాటలు)



హిందూపురం నుంచి వచ్చినవాళ్ళు ఉన్నారు. ధర్మవరం నుంచి రైలెక్కి వచ్చినవాళ్ళు ఉన్నారు. పెనుకొండ రెండింటికీ నడుమ ఉంది కాబట్టి ఇక్కడ కూడినాము.

ఈ రోజు నెల మొదటి తేది. పింఛను వచ్చే రోజు. ఇంకొక సంగతి కూడా ఉంది. అక్టోబరు 1 ప్రపంచ వృద్ధుల దినం. ఐక్యరాజ్య సమితి 1990లో ఈ తేదిని నిర్ణయించింది.

నేను మీకు మనవరాలి వంటిదాన్ని. టీచరు ట్రైనింగు చదివినాను. పగలు బడిలో స్వచ్ఛందంగా పిల్లలకు పాఠాలు చెబుతాను. సాయంత్రం పెద్దలకు అక్షరాలు చెబుతాను. పెద్దలకు బుద్ధి చెప్పే వయసు నాది కాదు. అందుకే ఈ రోజు నేను చేసిన ఒక తప్పు గురించి చెబుతాను. ఆ తప్పు నుంచి నేను నేర్చుకున్నది చెబుతాను.

నేను చేసిన తప్పు

మా అవ్వ ధర్మవరంలో ఉంటుంది. మా తాత మగ్గం నేసేవాడు. తాత పోయినాక మగ్గం తీసేసినారు. మగ్గం గుంత పూడ్చి బండలు పరిచినారు. మా నాయన, చిన్నాయన బెంగుళూరులో పని చేస్తారు. మన వైపు చాలా ఇండ్లలో ఇదే కథ. వానలు లేవు, పనులు లేవు. పిల్లలు రైలెక్కి పోతారు. ముసలివాళ్ళు ఇంటికి కాపలా.

"అమ్మా, మాతో వచ్చేయి" అని మా నాయన ఎన్నోసార్లు పిలిచినాడు. అవ్వ ఒకసారి పోయింది. ఇరవై దినాలు ఉండి తిరిగి వచ్చేసింది.

"ఆడ గోడలు చూసుకుంటా కూర్చోవాల. ఈడ వాకిట్లో కూర్చుంటే పదిమంది పలకరిస్తారు. నా సంగటి నేను కెలుక్కుంటాను. నా ఇంట్లో నేనుంటాను" అనింది.

పోయిన ఏడాది దసరా సెలవుల్లో నేను అవ్వ దగ్గరికి పోయినాను. ఇల్లు చూస్తే నాకు బాగనిపించలేదు. రాగిపిండి డబ్బా పొయ్యి పక్కన నేల మీద ఉంది. మాత్రలు దేవుని గూట్లో ఉన్నాయి. నీళ్ళ చెంబు మంచం కింద ఉంది. మంచం గోడకు ఆనుకొని మూలన ఉంది.

నేను రెండు దినాలు కష్టపడి ఇల్లంతా సర్దినాను. డబ్బాలన్నీ పై అలమారాలో పెట్టినాను. మాత్రలు పెట్టెలో పెట్టినాను. మంచాన్ని గాలి తగిలేటట్టు కిటికీ దగ్గరికి జరిపినాను. అవ్వను మాత్రం ఒక్క మాట అడగలేదు. చూసినవాళ్ళు అందరూ నన్ను మెచ్చుకున్నారు. అవ్వ ఏమీ అనలేదు.

నేను తిరిగి వచ్చిన నాలుగో దినం ఫోను వచ్చింది. అవ్వ రాత్రి లేచింది. చీకట్లో బచ్చలికి పోదామని గోడ కోసం చెయ్యి చాచింది. చెయ్యి చాచిన చోట గోడ లేదు. కింద పడింది. మణికట్టు ఎముక విరిగింది. తెల్లవారి కొళాయికి నీళ్ళొచ్చినాయని చెప్పేదానికి పక్కింటామె తలుపు తట్టింది. అప్పుడుగాని ఎవరికీ తెలియలేదు.

నేను పరిగెత్తి పోయినాను. అవ్వ చేతికి సిమెంటు కట్టు. నాకు ఏడుపు ఆగలేదు. అవ్వ నన్ను తిట్టలేదు. మెల్లగా ఒక మాట అనింది.

"నా కండ్లు సరిగ్గా కనపడవు పాపా. అయినా నా ఇల్లు నాకు తెలుసు. చీకట్లో కూడా తెలుసు. నువ్వు సర్ది, నా ఇంట్లోనే నన్ను గుడ్డిదాన్ని చేసినావు."

ఆ మాట నేను మరిచిపోలేను. ముసలివాళ్ళకు సాయం అంటే వాళ్ళ పనులన్నీ మన చేతిలోకి తీసుకోవడం కాదు. వాళ్ళ పని వాళ్ళు చేసుకునేటట్టు పక్కన నిలబడటం. అన్నిటికంటే ముందు వాళ్ళను అడగడం.

ఇంట్లో ఏం చేసినాము?

ఆరు వారాలకు కట్టు విప్పినారు. ఈసారి నేను అవ్వను అడిగినాను. "అవ్వా, నీకు ఏది కష్టంగా ఉంది? ఏది ఎక్కడ ఉండాల?" అవ్వ చెప్పింది. నేను చేసినాను.

మంచం మళ్ళీ పాత చోటికి పోయింది. రోజూ వాడే డబ్బాలు నడుము ఎత్తులో పెట్టినాము. ఇప్పుడు పైకి ఎక్కే పని లేదు, కిందికి వంగే పని లేదు. మంచం నుంచి బచ్చలి దాకా ఉన్న దారిలో బిందె గాని, పీట గాని, వైరు గాని లేకుండా చేసినాము. బచ్చలిలో నునుపు బండ తీసి గరుకు బండ వేసినాము. పట్టుకునేదానికి గోడకు ఒక ఇనుప కడ్డీ బిగించినాము. రాత్రంతా వెలిగేటట్టు ఒక చిన్న బల్బు పెట్టినాము. గడప కనపడేటట్టు దానికి పసుపు పూసినాము.

అవ్వ కూడా ఒక అలవాటు చేసుకుంది. నిద్ర లేచిన వెంటనే నడవదు. మంచం మీద కొంచెంసేపు కూర్చుంటుంది. తర్వాత మెల్లగా లేస్తుంది. బీపీ మాత్రలు వేసుకునే వాళ్ళకు గబుక్కున లేస్తే కండ్లు తిరగవచ్చు. ఈ అలవాటుకు పైసా ఖర్చు లేదు.

కంటికి పొర వచ్చి ఉంటే అది వయసు తప్పు అని ఊరుకోవద్దు. ఆపరేషను చేస్తే చూపు వస్తుంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ ఆపరేషను ఉచితం. పుట్టపర్తి దగ్గర 1991లో మొదలైన సత్యసాయి పెద్దాసుపత్రిలో కూడా కంటి వైద్యం ఉచితం. కండ్లు కనపడితే పడటం తగ్గుతుంది.

సూర్యుడు, చంద్రుడు

అవ్వకు బీపీ ఉంది, చక్కెర జబ్బు ఉంది. రెండు మాత్రలూ తెల్లగానే ఉంటాయి. ఏది పొద్దున, ఏది రాత్రి అని అవ్వకు తెలిసేది కాదు. ఒక్కోసారి మరిచిపోయి రెండుసార్లు వేసుకునేది.

నేను రెండు చిన్న డబ్బాలు తెచ్చినాను. ఒకదాని మీద సూర్యుని బొమ్మ, ఇంకొకదాని మీద చంద్రుని బొమ్మ వేయమన్నాను. అవ్వే వేసింది. కింద "పొద్దున", "రాత్రి" అని రాయించినాను. అవ్వ చదివిన మొదటి మాటలు అవే. దేవుని గూట్లోనే పెట్టుకుంది. దీపం పెట్టేటప్పుడు మాత్ర గుర్తుకొస్తుందని అవ్వ ముందు నుంచే అక్కడ పెట్టుకునేది. ఆ సంగతి నాకు అప్పుడు అర్థమయింది.

మాత్రల అట్ట మీద గడువు ముగిసే నెల, సంవత్సరం అంకెల్లో ఉంటాయి. మీకు అంకెలు వచ్చు. చదవండి. మాత్రలు తీసేటప్పుడు గడువు ఉన్న వైపు చింపకండి. రెండో వైపు నుంచి తీయండి. చివరి మాత్ర దాకా గడువు కనిపిస్తుంది.

పక్కింటివాళ్ళ మాత్ర మనం వేసుకోకూడదు. బాగుంది కదా అని మన మాత్ర మనమే ఆపకూడదు. అనుమానం వస్తే ఆశా కార్యకర్తను గాని, ఏఎన్ఎంను గాని అడగండి.

చక్కెర మాత్ర వేసుకుని తిండి మానేస్తే చెమటలు పడతాయి. చేతులు వణుకుతాయి. కండ్లు తిరుగుతాయి. అప్పుడు వెంటనే బెల్లం ముక్క గాని, చక్కెర నీళ్ళు గాని ఇవ్వాలి. హిందూపురం వాళ్ళకు బెల్లం సంగతి నేను చెప్పాల్నా? ఒక ముక్క ఎప్పుడూ అందుబాటులో ఉంచండి. కాని మనిషికి తెలివి లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు. 108కి ఫోను చేయాలి.

ఇంకొకటి. మూతి వంకర పోయినా, ఒక చెయ్యి లేవకపోయినా, మాట ముద్దగా వచ్చినా అది పక్షవాతం కావచ్చు. నాటు మందుకు పోయి పొద్దు పోగొట్టుకోవద్దు. వెంటనే 108కి చేయండి. గడ్డ కట్టిన రక్తాన్ని కరిగించే మందు ఉంది. దాన్ని నాలుగున్నర గంటల లోపలే ఇవ్వాలి. ఎన్ని గంటలకు మొదలయిందో గుర్తు పెట్టుకొని డాక్టరుకు చెప్పండి.

మనకు రావలసినవి

1995 ఆగస్టు 15న కేంద్ర ప్రభుత్వం పేద వృద్ధులకు పింఛను మొదలుపెట్టింది. అప్పుడు అది నెలకు 75 రూపాయలు. మన రాష్ట్రంలో 2024 జూలై నుంచి వృద్ధుల పింఛను 4,000 రూపాయలు. అర్హత ఉన్నవాళ్ళకు 60 ఏండ్లకు వస్తుంది. చేనేత పని చేసేవాళ్ళకు 50 ఏండ్లకే వస్తుంది. సచివాలయం వాళ్ళు ఇంటికి తెచ్చి ఇస్తారు.

మగ్గం నేసినవాళ్ళకు, మట్టి పని చేసినవాళ్ళకు వేలి గీతలు అరిగిపోతాయి. వేలిముద్ర పడదు. "నీ పింఛను పోయింది" అని ఎవరన్నా అంటే భయపడవద్దు. కంటిపాప ద్వారా, ముఖం ద్వారా గుర్తుపట్టే పద్ధతులు ఉన్నాయి. అడగండి.

బిడ్డల దగ్గరికి బెంగుళూరు పోయి రెండు నెలలు పింఛను తీసుకోలేకపోయినారనుకోండి. మూడో నెలలో మూడు నెలలదీ కలిపి ఇస్తారు. మూడో నెల దాటనీయవద్దు. పింఛను కోసం మనవళ్ళను చూడటం మానుకోవద్దు.

65 ఏండ్లు దాటినవాళ్ళకు 2025 జూన్ నుంచి రేషను సరుకులు ఇంటికే తెచ్చి ఇవ్వాలని ఏర్పాటు ఉంది. ఆడవాళ్ళకు 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. ఆధార్ కార్డు చూపిస్తే చాలు. 60 ఏండ్లు దాటిన మగవాళ్ళకు ఆర్టీసీలో టిక్కెట్టుపై నూటికి 25 తగ్గింపు ఉంది. 70 ఏండ్లు దాటిన వాళ్ళందరికీ ఏడాదికి 5 లక్షల రూపాయల దాకా వైద్యం చేయించే ఆయుష్మాన్ కార్డును కేంద్రం 2024 అక్టోబరులో మొదలుపెట్టింది. దానికి పేద, ధనిక తేడా లేదు.

ఇవన్నీ మీకు తెలిసి ఉండవచ్చు. కాని మీ వీధిలో చదువు రాని ముసలామెకు తెలుసా? అడిగి చూడండి.

తాత చదివిన రెండు అక్షరాలు

మా కేంద్రానికి ఒక తాత వస్తాడు. పేరు చెప్పను. డెబ్బై దాటినాడు. మొదట్లో "ఈ వయసులో నాకెందుకు చదువు? కాటికి పోయి చదవాల్నా?" అనేవాడు. ఐనా వస్తుండేవాడు. గుణింతాల దాకా వచ్చినాడు. ఒత్తులు ఇంకా రాలేదు.

ఒక దినం ఆయన బంధువు ఒకడు కాగితాలు తెచ్చినాడు. "పింఛను కాగితాలు మామా, ఇక్కడ వేలు పెట్టు" అన్నాడు. ఎన్నడూ లేనిది తాత అన్నాడు, "ఉండబ్బా, చదువుతాను."

బంధువు నవ్వినాడు. తాత అద్దాలు పెట్టుకున్నాడు. పై గీతలో పెద్ద అక్షరాలు. వేలు పెట్టి కూడబలుక్కున్నాడు. ద దీర్ఘం దా. న. దాన. తర్వాత ప. ఆ తర్వాతది ఒత్తు, రాలేదు. ఆ రెండు అక్షరాలు చాలినాయి. పింఛను కాగితంలో దానం ఎందుకుంటుంది? అది దానపత్రం. ఇల్లు రాసిచ్చే కాగితం.

తాత కాగితాలు తిరిగి ఇచ్చేసినాడు. ఒకే మాట అన్నాడు. "నా తర్వాత ఈ ఇల్లు మీదే. నేను ఉండేంతవరకు నాదే."

చదువు ఎందుకు అంటే ఇందుకు. రెండు అక్షరాలు ఒక ముసలాయన నెత్తి మీద కప్పు నిలబెట్టినాయి.

మీరు కూడా గుర్తు పెట్టుకోండి. చదవకుండా వేలిముద్ర వేయవద్దు. చదవలేకపోతే నమ్మకమైన ఇద్దరితో, వేరువేరుగా చదివించుకోండి. బిడ్డలకు ఆస్తి రాసిస్తే, "మమ్మల్ని చూసుకోవాలి" అనే షరతు పత్రంలో రాయించండి.

తల్లిదండ్రుల, వయోవృద్ధుల కోసం 2007లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. కన్నబిడ్డలు చూడకపోతే తల్లిదండ్రులు ఆర్డీవో దగ్గర అర్జీ పెట్టుకోవచ్చు. బిడ్డలు లేకపోతే, తమ ఆస్తి ఎవరికి రావాలో ఆ బంధువుల మీద అర్జీ పెట్టుకోవచ్చు. నెలకు 10,000 రూపాయల దాకా పోషణ ఇప్పించే అధికారం ఆ చట్టం కింద ఉంది. చట్టం వచ్చినాక రాసిన పత్రంలో చూసుకోవాలనే షరతు ఉండి, తర్వాత చూడకపోతే, ఆ పత్రం చెల్లదని ప్రకటించమని కూడా అడగవచ్చు. ఇక్కడ పెనుకొండలో ఆర్డీవో ఆఫీసు ఉంది. ధర్మవరంలో ఉంది. 2022లో కొత్త జిల్లా ఏర్పడినాక కలెక్టరు ఆఫీసు పుట్టపర్తిలో ఉంది. సోమవారం అక్కడ అర్జీలు తీసుకుంటారు.

గోడ మీద నాలుగు నంబర్లు

అవ్వ ఇంట్లో గోడ మీద పెద్ద అంకెలతో నాలుగు నంబర్లు రాసినాము. రాసింది నేను కాదు, అవ్వే. వంకర టింకరగా ఉన్నా అవ్వకు అర్థమవుతాయి.

108. ప్రాణం మీదికి వస్తే అంబులెన్సు.
112. పోలీసు సాయం.
14567. వృద్ధుల కష్టసుఖాలు వినే నంబరు. 2021 అక్టోబరు 1న అప్పటి ఉపరాష్ట్రపతి, మన నెల్లూరు జిల్లా బిడ్డ వెంకయ్య నాయుడు దీన్ని దేశానికంతా ప్రారంభించినారు.
1930. ఫోనులో మోసపోయి డబ్బు పోతే చెప్పే నంబరు. ఎంత తొందరగా చెబితే అంత మంచిది.

"బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాము, ఓటీపీ చెప్పండి" అంటే ఫోను పెట్టేయండి. "పోలీసులం, ఫోనులోనే మిమ్మల్ని అరెస్టు చేసినాము" అంటే నవ్వి పెట్టేయండి. ఫోనులో అరెస్టు అనేది మన చట్టంలో లేదు.

అందరం చేయగల పని

చదువు నేర్చిన అక్కలారా, అన్నలారా! మిమ్మల్ని ఒక్కటే అడుగుతాను. మీ వీధిలో ఒంటరిగా ఉన్న ఒక అవ్వనో, ఒక తాతనో ఎంచుకోండి. వారానికి ఒక్కసారి పోండి. ఒట్టి చేతులతో పోయినా పరవాలేదు. గడప దగ్గర నిలబడి, "ఏం చేయాల?" అని అడగండి. మాత్రల గడువు చదవమంటే చదవండి. ఫోను నంబరు రాయమంటే రాయండి. బ్యాంకుకు తోడు రమ్మంటే పోండి. కాని పాసుబుక్కు వాళ్ళ చేతిలోనే ఉండనీయండి. డబ్బు వాళ్ళనే లెక్క పెట్టుకోనీయండి. రోజూ పొద్దున తలుపు తెరిచినారా లేదా అని పక్కింటివాళ్ళు ఒక చూపు చూడండి. మా అవ్వకు ఆ రోజు తెల్లవారేదాకా ఎవరూ లేరు. ఇంకొకరికి అట్లా కాకూడదు.

అవ్వలారా, తాతలారా! మీకూ ఒక మాట. సాయం అడిగితే చులకన అయిపోతామని అనుకోవద్దు. మా అవ్వ కూడా ముందు అట్లే అనుకుంది. నేను ఇల్లు సర్దేటప్పుడు నచ్చకపోయినా నోరు తెరవలేదు. ఇప్పుడు తెరుస్తుంది. "అది అక్కడ పెట్టొద్దు" అంటుంది. మీరూ అనండి. మీ ఇల్లు మీది.

ఈ పొద్దు పొద్దున్నే అవ్వ ఫోను చేసింది. "పింఛను వచ్చింది పాపా. నేనే లెక్క పెట్టుకున్నాను. ఐదువందల నోట్లు ఎనిమిది" అనింది. తర్వాత అడిగింది, "సభలో ఏం చెబుతావు?"

"నిన్ను పడేసిన కథ చెబుతాను అవ్వా" అన్నాను.

అవ్వ నవ్వింది. "చెప్పు. చెప్పి, వాళ్ళనైనా అడిగి సర్దమను" అనింది.

అదే చెబుదామని వచ్చినాను.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. అవ్వ ఎందుకు పడింది? టీచరు చేసిన తప్పు ఏమిటి?
2. తాత ఏ రెండు అక్షరాలు చదివినాడు? ఆ కాగితం ఏమిటి?
3. మీ ఇంట్లో ఉన్న మాత్రల అట్ట తీసుకోండి. గడువు ఏ నెల, ఏ సంవత్సరం? చదివి రాయండి.
4. మీ ఇంటి గోడ మీద నాలుగు నంబర్లు పెద్దగా రాయండి.
5. మీ వీధిలో ఒంటరిగా ఉన్న పెద్దవాళ్ళు ఎవరు? ఈ వారం ఎవరి గడప తొక్కుతారు?